ఇరవై ఏడో నంబరు సీసా

ఇరవై ఏడో నంబరు సీసా మళ్లీ పచ్చబడింది.

ఎస్తేరు లేబు గుమ్మంలోనే ఆగిపోయింది. శనివారం మధ్యాహ్నం తాళం వేసేటప్పుడు ఆ సీసాలో నీళ్లు పండు నిమ్మకాయ రంగులో ఉన్నాయి. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి చూస్తే వరినారు రంగు. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ తన పొరపాటేనని సర్దుకుంది. ఈసారి సర్దుకునే వీల్లేదు. ఎందుకంటే శనివారం ఆమె ఒక పని చేసి వెళ్లింది. తన తల వెంట్రుక ఒకటి తీసి, సీసా మెడ మీంచి దూది బిరడా మీదకి జిగురుతో అతికించింది.

దగ్గరకెళ్లి వంగి చూసింది. వెంట్రుక రెండు ముక్కలై ఉంది.

అటెండరు యలమంద చీపురు మూల పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి, బుంగ మీసాలు. నందివెలుగులో ఎకరం కౌలుకి చేస్తూ, తెనాలిలో ఈ కాలేజీ ఉద్యోగం చేస్తున్నాడు.

"నిన్న ఎవరైనా వచ్చారా బాబాయ్?"

"ఆదివారం పూట ఎవరొస్తారమ్మా? మీరు చర్చిలో, సారు ఇంట్లో. తలుపు తీసి ఊడ్చింది నేనే." సీసా వైపు చూసి మురిసిపోయాడు. "చూశారా, ఇవాళ ఎంత కళగా ఉందో!"

ఎస్తేరుకి ఒళ్లు మండింది. వెక్కిరిస్తున్నాడా? తాళంచెవులు మూడే మూడు. ఒకటి తన దగ్గర, ఒకటి ఈ ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్ గోపాలకృష్ణ దగ్గర, మూడోది ఈ యలమంద మొలతాడుకి.

అది 1991 సెప్టెంబరు రెండో తారీకు. పదహారో తారీకు ప్రాజెక్టుకి డబ్బిచ్చే ప్రభుత్వ కమిటీ చూడ్డానికి వస్తోంది.

ఆ సీసా వెనక పద్దెనిమిది నెలల కష్టం ఉంది. సూర్యలంకలో మోకాటి లోతు నీళ్లలో నిలబడి, నిజాంపట్నం దగ్గర మడచెట్ల సందున పడవలో కూచుని, డబ్బాల్లో ఉప్పునీళ్లు పట్టి తెచ్చింది. ఆ నీళ్లలో కంటికి ఆనని నాచు ఉంటుంది. గాజుగొట్టాన్ని మంటలో పెట్టి వెంట్రుకంత సన్నగా సాగదీసి, మైక్రోస్కోపు కింద ఒక్కటంటే ఒక్క కణాన్ని పీల్చి పట్టాలి. శుద్ధి చేసిన ఉప్పునీటి బొట్టులో దాన్ని వదిలి, మళ్లీ పట్టి, మళ్లీ కడిగి, వెంటబడి వచ్చిన తక్కిన పురుగూ పుట్రా అంతా పోయాక సీసాలో పెంచాలి. వంద పడితే ఒకటి బతుకుతుంది. అలా బతికినవి నలభై ఒక్క రకాలు. వాటిలో ఇరవై ఏడోది నిజాంపట్నం మడకాలవలో చిక్కింది.

దాని గుణం చిత్రమైనది. తిండి పెడితే పచ్చగా పెరుగుతుంది గాని నూనె పట్టదు. తిండి ఆపి పది రోజులు మాడిస్తే రంగు పోయి పసుపెక్కుతుంది, ఇంకా మాడిస్తే నారింజకి తిరుగుతుంది. కరువొచ్చిందని బెదిరి ఒంట్లో నూనె దాచుకుంటుంది. ఎండబెట్టి తూచితే మూడో వంతు నూనే. ఆ నూనెతో డీజిలు ఇంజను తిప్పొచ్చని లెక్క. జనవరిలో గల్ఫ్ యుద్ధం వచ్చినప్పుడు బంకుల ముందు డబ్బాలు పట్టుకుని నిలబడ్డవాళ్లెవరికీ ఆ మాట విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కమిటీ వాళ్లకి పసుపు సీసా చూపించి, మైక్రోస్కోపు కింద నూనె బొట్లు చూపిస్తే ఆమెకి మూడేళ్ల ఉద్యోగం. ఇరవై ఏడో రకం ఆమె పేరు మీద నమోదవుతుంది. చూపించలేకపోతే నెలాఖరుకి ప్రాజెక్టు మూత. సీసాలు కాలవలోకి, ఎస్తేరు సొంతూరు రేపల్లెకి.

తలుపేసుకుని ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూసింది. ఎవరో ఇరవై ఏడుని ఎత్తుకుపోయి, ఏదో మామూలు నాచు పోసి పెట్టారని ఆమె అనుమానం. కానీ అద్దంలో కనిపించింది అదే. గుమ్మడి గింజలాంటి ఒళ్లు, ముందు నాలుగు మీసాలు, ఒంట్లో ఎర్ర చుక్క. ఈ జాతిలో అన్నిటికీ ఆ చుక్క నడుముకి ఉంటుంది. ఇరవై ఏడుకి మాత్రం అడుగున, ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. తన బిడ్డ పుట్టుమచ్చ తల్లి మర్చిపోతుందా?

సీసా మార్చలేదు. లోపలున్నది ఇరవై ఏడే. ఒంట్లో నూనె మాత్రం లేదు. అంటే ఎవరో బిరడా తీసి దానికి తిండి పెట్టారు.

ఎత్తుకుపోయే దొంగని చూశాం గాని, వచ్చి అన్నం పెట్టిపోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడంటే తన పని చెడగొట్టాలన్న పట్టుదలతోనే ఉన్నాడు.

రెండోసారి పచ్చబడ్డప్పుడే ఎస్తేరు ఒక జాగ్రత్త పడింది. కొంచెం నాచు హార్లిక్స్ సీసాలో పోసి, రేపల్లెలో అమ్మానాన్నల ఇంటి కిటికీలో పెట్టి వచ్చింది. ముట్టుకోవద్దని నాన్నకి మాత్రం చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదు.

గోపాలకృష్ణ గదికి వెళ్లి లేబు తాళం మార్చమని అడిగింది.

"తాళమా? ఎందుకు?" ఆయన కళ్లజోడు పైకి నెట్టాడు. కాకుమాను వైపు పెద్ద రైతు కుటుంబం, మెత్తటి మాట. "ఎవరి మీద అనుమానం నీకు? నా మీదా?"

"అది కాదు సార్..."

"చదువుకునే పిల్లకి ఇన్ని అనుమానాలు పనికిరావమ్మా. సైన్సంటే నమ్మకం."

సైన్సంటే నమ్మకం కాదని ఆమెకి తెలుసు. ఆయనకీ తెలుసు. మరి ఎందుకలా అన్నట్టు? ఆమె ఈసారి ఇరవై ఏడుని మూడు సీసాల్లో పోసి, మళ్లీ తిండి ఆపింది. మళ్లీ వెంట్రుకలు అతికించింది.

గురువారం స్టేషనెదుట టిఫిన్ హోటల్లో గోపాలకృష్ణ పక్కన ఒక మనిషి కనపడ్డాడు. తెల్ల చొక్కా, బంగారు గొలుసు, గట్టి గొంతు. బాపట్ల వీరాస్వామి. సూర్యలంక దగ్గర రొయ్యపిల్లల హేచరీ పెట్టాడు. అప్పుడే పుట్టిన రొయ్యపిల్లకి నాచే పాలు. కొవ్వున్న నాచు పెడితే పిల్ల నిలబడుతుంది. వేసవిలో ఒకసారి లేబుకే వచ్చి ఇరవై ఏడు ఇమ్మని అడిగాడు. "అమ్మకానికి కాదండి" అంది ఎస్తేరు. "అమ్మకానికి లేనిది ఈ జిల్లాలో ఏదైనా ఉందేంటమ్మాయ్?" అని నవ్వుకుంటూ పోయాడు.

ఇప్పుడు ఆమెను చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు. "పెసరట్టు తింటావా ఎస్తేరూ?" అన్నాడు గోపాలకృష్ణ, అవసరమైన దానికన్నా ప్రేమగా.

మరుసటి మంగళవారం ఆయన మరో మాటన్నాడు. "సముద్రం నీళ్లకి నువ్వెళ్లొద్దులే. కమిటీ పనులున్నాయి. యలమందని పంపిస్తున్నా."

పద్దెనిమిది నెలల్లో ఏనాడూ ఆమె కాక మరొకరు నీళ్లకి వెళ్లలేదు. బుధవారం చూస్తే, మళ్లీ పెంచుకోడానికని తిండి పెట్టి పచ్చగా ఉంచి, బీరువా వెనక వరసలో దాచిన ఇరవై ఏడు విత్తనం సీసా లేదు.

"పగిలిపోయి ఉంటుంది" అన్నాడు గోపాలకృష్ణ తల ఎత్తకుండా.

పగిలితే గాజు పెంకులుండాలి. చెత్తబుట్ట వెతికింది. కాగితాలు, వేరుశనగ తొక్కలు తప్ప ఏమీ లేవు.

శుక్రవారానికి టేబులు మీద సీసాలు మూడూ నిమ్మపండు రంగుకొచ్చాయి. వెంట్రుకలు భద్రంగా ఉన్నాయి. శనివారం పొద్దున్నే ఎస్తేరు బాపట్ల పాసింజరు ఎక్కింది.

నిడుబ్రోలు దాటాక కిటికీలోంచి చూస్తే రెండు వైపులా వరి. సంచులు చంకన పెట్టుకుని రైతులు యూరియా చల్లుతున్నారు. ఆమె కళ్లు చూస్తున్నాయి గాని బుర్ర అందుకోలేదు. యలమంద, సారు, వీరాస్వామి. ఈ ముగ్గుర్నీ ఎటు తిప్పి కూర్చినా ఒక ముక్క మిగిలిపోతోంది. అమ్ముకునేవాడు సరుకు ఎందుకు చెడగొడతాడు?

సూర్యలంక బస్సు దిగి, సరుగుడు తోటల్లో నడిచి హేచరీ చేరేసరికి పదకొండయింది. యజమాని కారు లేదు. గేటు దగ్గర ఒక పెద్దావిడ చీరె ఎగదోపుకుని గొట్టాలు కడుగుతోంది. పేరు కోటేశ్వరమ్మ.

"నీళ్లు కావాలత్తా, తాగడానికి" అంది ఎస్తేరు.

"రా తల్లీ. ఎండన పడొచ్చావు. ఎవరమ్మాయివి?"

"రేపల్లె. తోమాసు మాస్టారి కూతుర్ని."

"లూథరన్ బడి మాస్టారా? మా తమ్ముడికి ఆయనేగా అక్షరాలు దిద్దించింది! రా, లోపల నీడలో కూచో."

లోపల రేకుల కింద పది ప్లాస్టిక్ డ్రమ్ములు. వాటి నిండా చిక్కటి పచ్చ నీళ్లు. గూట్లో ఒక గాజు సీసా. దాని బిరడా చూడగానే ఎస్తేరు లేచి దగ్గరకెళ్లింది. దూది చుట్టూ గుడ్డ, గుడ్డ అంచున నీలం గీత. వాళ్లమ్మ పాత వాయిలు చీరె అది. బిరడాలకి తనే కత్తిరించింది.

ఆమె అడిగేలోపే కోటేశ్వరమ్మ సంచిలోంచి గుప్పెడు తెల్ల గింజలు తీసి ఒక్కో డ్రమ్ములో చల్లింది.

"ఏంటత్తా అది?"

"యూరియా. తెనాలి నుంచి సీసా తెచ్చినాయన చెప్పాడు. మీసాలాయన. పసుపెక్కితే రెండు గింజలెయ్యండి, తెల్లారేసరికి పచ్చగా లేస్తది, నేను అక్కడ అట్టాగే చేస్తన్నా అన్నాడు. రెండు గింజలు ఏ మూలకొస్తాయి? మేము గుప్పెడేస్తన్నాం."

రైల్లోంచి చూసిన పొలాలు ఎస్తేరు కళ్ల ముందు గిర్రున తిరిగాయి. మిగిలిపోయిన ముక్క అదే. అన్నం పెట్టే దొంగ!

నోరు మూసుకుని వెనక్కి వెళ్లిపోవచ్చు. తను ఇక్కడికొచ్చినట్టు తెలిస్తే గోపాలకృష్ణ జాగ్రత్త పడతాడు, కమిటీకి ఇంకా రెండు రోజులుంది. గేటు దాకా నడిచి, మళ్లీ వెనక్కొచ్చింది.

"అత్తా, ఆ నీళ్లు రొయ్యపిల్లలకి పొయ్యొద్దు. యూరియా విషమవుద్ది. పిల్లలు చచ్చిపోతాయి. మీ అయ్యగారికి చెప్పు."

"మా మాట ఎవరింటారమ్మా? గొట్టాలు కడిగే ముసలిదానివి నీకేం తెలుసంటాడు."

"తెనాలి లేబు అమ్మాయి చెప్పిందని చెప్పు."

తెనాలిలో దిగేసరికి నాలుగు. పరుగులాంటి నడకతో లేబుకొచ్చింది. తలుపు తీసి ఉంది. యలమంద బెంచీ మీద కూచుని తువ్వాలుతో విసురుకుంటున్నాడు. మూడు సీసాల మెడల మీదా వెంట్రుకలు తెగి ఉన్నాయి.

"బాబాయ్. వీటిలో యూరియా వేశావా?"

"పొద్దున్నే వేశానమ్మా" అన్నాడు నిబ్బరంగా. "మొన్నట్నుంచీ చూస్తన్నా, ఎట్టా పాలిపోయాయో! ఎల్లుండి పెద్దోళ్లు చూడ్డానికొస్తారు. పసుపెక్కిన పైరు చూపిస్తే మన పరువేం కాను?"

"వాటిని నేనే మాడుస్తున్నాను బాబాయ్! మాడితేనే నూనె!"

"మాడిస్తే నూనా?" అతను నోరు తెరిచాడు. "నువ్వులు మాడిస్తే నూనొచ్చిద్దా అమ్మా? ఎక్కడైనా ఉందా?"

"ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదుగా! వెంట్రుకలు అతికిస్తన్నారు, చెత్తబుట్టలు వెతుకుతున్నారు. నన్నొక మాట అడిగారా?"

ఎస్తేరు తెగిన వెంట్రుక ముక్కని గోటితో గీకి తీసింది.

"బాపట్లకి సీసా ఎవరిచ్చి పంపించారు?"

"సారే. ఎస్తేరమ్మకి తెలుసులే, మళ్లీ చెప్పక్కర్లేదు అన్నారు." అతని మొహం మెల్లగా మారింది. "తెలీదా మీకు?"

సోమవారానికి ఇంకా ఒకటిన్నర రోజు. సీసా మళ్లీ పసుపెక్కాలంటే పది రోజులు కావాలి. ఉన్నదల్లా రేపల్లె కిటికీ.

ఆదివారం మొదటి రైలుకి రేపల్లె చేరింది. కిటికీలో హార్లిక్స్ సీసా లేదు.

"అమ్మా! సీసా ఏది?"

కమలమ్మ చర్చికి తయారవుతూ దువ్వెన జడలో ఆపింది. "ఆ కుళ్లిపోయిన నీళ్లా? పచ్చగా ఉన్నన్నాళ్లు ఉంచానే. నారింజ తొక్క రంగుకొచ్చేసరికి ఎవరైనా చూస్తే బాగోదని దొడ్లో పెట్టా, పారబోద్దామని."

ఎస్తేరు దొడ్లోకి పరిగెత్తింది. గోడ పక్కన తోమాసు మాస్టారు కుర్చీ వేసుకుని బైబిలు చదువుకుంటున్నాడు. కాళ్ల దగ్గర సీసా. నిండుగా, నారింజ రంగుగా.

"మీ అమ్మ మూడుసార్లొచ్చింది, పారబోస్తానని" అన్నాడాయన కళ్లజోడు మీంచి చూసి. "ముట్టుకోవద్దన్నావుగా. నాలుగు రోజుల్నుంచీ ఇక్కడే కూచుంటున్నా."

సోమవారం పదకొండింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు. పెద్దాయన హైదరాబాదు నుంచి, మందపాటి కళ్లజోడు, మితమైన మాట. గోపాలకృష్ణ సఫారీ సూటులో వెలిగిపోతున్నాడు. టేబులు మీద హార్లిక్స్ సీసా చూడగానే ఆ వెలుగు కొంచెం తగ్గింది.

"ఇదెక్కడిది?" అన్నాడు ఎస్తేరు చెవిలో.

"నాది సార్."

పెద్దాయన మైక్రోస్కోపులో చూశాడు. నూనెకి పట్టే నల్ల రంగు వేసిన కణాలవి. ప్రతి కణం కడుపులోనూ మిరియం గింజల్లా నల్లటి బొట్లు. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు.

"బాగుంది. చాలా బాగుంది. ఎవరు పట్టారు దీన్ని?"

"నేనేనండి" అన్నాడు గోపాలకృష్ణ. "నిజాంపట్నం మడల్లో. ఈ అమ్మాయి సీసాలు కడగడం, రాసిపెట్టడం..."

ఎస్తేరు నోరు తెరిచేలోపు బయట కారు తలుపు దభీమని మోగింది. వీరాస్వామి తుఫానులా వచ్చాడు. నీలం గీత బిరడా సీసా టేబులు మీద కొట్టినట్టు పెట్టాడు.

"ఏమయ్యా గోపాలకృష్ణా! నీ సరుకు నా కొంప ముంచింది. రెండు తొట్ల పిల్లలు నిన్న పొద్దున్నకల్లా వెల్లకిలా తేలాయి!"

"ఎవరండీ మీరు?" గోపాలకృష్ణ ఒక అడుగు వెనక్కేశాడు. "ఈయనెవరో నాకు తెలీదు."

"తెలీదా? పెసరట్లు తినేటప్పుడు తెలిసిందా? నీకన్నా మీ లేబు అమ్మాయి నయం. శనివారం మా కోటేశ్వరమ్మకి చెప్పిందంట, యూరియా నీళ్లు పొయ్యొద్దని. ఆ ముసల్ది చెప్తే నేనే వినలేదు."

గోపాలకృష్ణ చటుక్కున తిరిగాడు. "చూశారా? శనివారం ఈ పిల్లకి హేచరీలో ఏం పని? ప్రభుత్వ సొమ్ముతో పెంచిన నాచు అమ్ముకుంటోంది ఎవరో ఇప్పుడు తెలిసిందిగా!"

గదిలో అందరి కళ్లూ ఎస్తేరు మీదకి మళ్లాయి. పదిహేను రోజులుగా తను అందర్నీ చూసిన చూపు అది. తన మీద పడితే ఎంత బరువో అప్పుడు తెలిసింది.

పెద్దాయన జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. మైక్రోస్కోపు మీద తన రుమాలు కప్పాడు. "గొడవెందుకు? పట్టినవాళ్లకి దాని మొహం తెలిసి ఉంటుంది. ఇద్దరూ బొమ్మ గీయండి. చెరొక మూలకి వెళ్లి."

గోపాలకృష్ణ నవ్వి చకచకా గీశాడు. పాఠ్యపుస్తకాల్లో ఉన్న బొమ్మే. గుమ్మడి గింజ, నాలుగు మీసాలు, నడుముకి ఎర్ర చుక్క. ఎస్తేరు మెల్లగా గీసింది. చుక్క అడుగున, ఒక పక్కకి ఒరిగి.

పెద్దాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, రుమాలు తీసి, ఒంటికన్నుతో చూశాడు. ఒక కణం చూశాడు. పది చూశాడు. ఇరవై చూశాడు.

"గోపాలకృష్ణగారూ" అన్నాడు చివరికి. "మీరు దీన్ని ఒక్కసారైనా చూశారా?"

తలుపు దగ్గర నించుని ఉన్న యలమంద ముందుకొచ్చాడు.

"కోటప్పకొండ సాక్షిగా చెప్తున్నానండి. బాపట్ల సీసా సారే నా చేతికిచ్చారు. అమ్మాయికి తెలుసని నాతో అబద్ధమాడారు. యూరియా పాపం మాత్రం నాదేనండి. నా కౌలు చేలో మిగిలింది తెచ్చి వేశా."

వీరాస్వామి నోరు తెరిచి అతన్ని చూశాడు. "నువ్వేనట్రా ఆ వ్యవసాయం నేర్పింది?"

"నేను రెండు గింజలన్నానండి. గుప్పెళ్లెయ్యమన్నానా?"

పెద్దాయనకి నవ్వాగలేదు.

నెల తిరక్కుండా గోపాలకృష్ణ దీర్ఘ సెలవు మీద వెళ్లాడు. ఇరవై ఏడో రకం ఎస్తేరు పేరు మీద నమోదైంది. మూడేళ్ల ఉద్యోగం కాగితం వచ్చిన రోజు ఆమె లేబుకి కొత్త తాళం కొంది. తాళంచెవులు రెండే. రెండోది యలమందకి ఇచ్చింది. విత్తనం సీసాలకి తిండి ఎలాగూ కావాలి కదా, వాటి పని అతనికే అప్పజెప్పింది. మాడే సీసాల జోలికి రానని అతను ఒట్టు పెట్టుకున్నాడు.

అయినా అనుమానం ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. శనివారం ఇంటికెళ్లేముందు పసుపు సీసా మెడ మీద ఎస్తేరు ఒక వెంట్రుక అతికించింది.

సోమవారం పొద్దున వచ్చి వంగి చూసింది. వెంట్రుక చెక్కుచెదరలేదు. దాని పక్కనే ఇంకొకటి ఉంది. పొట్టిది, మందంగా, సగం నెరిసింది.

"ఏంటి బాబాయ్ ఇది?"

యలమంద మీసం దువ్వుకున్నాడు. "ఊళ్లో దొంగలెక్కువయ్యారమ్మా. మీరొక్కరు కాపలా కాస్తే సరిపోద్దా?"